మంచంలో నాన్న వైపు

మా ఇంట్లో రోజ్‌వుడ్ మంచం ఒకటుంది. బట్టల కొట్టు బాగా నడిచిన రోజుల్లో నాన్న రాజమండ్రిలో దగ్గరుండి చేయించుకున్నారు. ముదురు ఎరుపు మీద నల్లటి చారలు. తలవైపు చెక్క ఎంత నునుపంటే, ఎదురుగా ఉన్న కిటికీ అందులో కనిపిస్తుంది. బయట ఎవరైనా నడిస్తే చాలు, మంచం మీద నాన్న లేచి కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన పోయినప్పటి నుంచి పగలు కూడా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు భయం.

మా వైపు మనిషిని మంచం మీద పోనివ్వరు. చివరి ఘడియలో నేల మీదికి దింపుతారు. దింపకపోతే దోషమని ఆ మంచాన్ని ఇంట్లో ఉంచరు, ఎవరికో ఇచ్చేస్తారు. నాన్న పోయిన మధ్యాహ్నం ఇంట్లో అమ్మా నేనే ఉన్నాం. ఊపిరి ఆగిందని ముందు చూసింది నేనే. వేళకు దింపలేకపోయామే అనుకున్నాను. జనం వచ్చేలోగా నేను భుజాలు పట్టుకుంటే, అమ్మ నడుం కింద చేతులు వేసింది. అలా చాప మీదికి దింపాం.

మొగల్తూరు నుంచి వచ్చిన మేనత్త ఏడవడానికి ముందే ఆ సంగతి అడిగింది. ఆవిడకి ఏదైనా ఆచారం తర్వాతే.

“తమ్ముణ్ణి దింపారా అమ్మాయ్?”

“దింపామండి వదినగారూ,” అంది అమ్మ.

మంచం దక్కించుకోవడానికి ఎంత తెలివిగా మాట్లాడిందో అనుకున్నాను. ఆ ఏడుపులోనూ అమ్మని కాస్త మెచ్చుకున్నాను.

ఆ తర్వాత అమ్మకి ఆ మంచమే లోకమైంది. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. తను గోడ వైపు ముడుచుకుని పడుకుని, నాన్న వైపు ఖాళీగా ఉంచుతుంది. ఇచ్చేద్దామని నేను పోరినప్పుడల్లా కోప్పడుతుంది. ముసలితనంలో చెక్క మీద ఈ మోజేంటని చిరాకుపడేదాన్ని.

మొన్న అమ్మకి జ్వరం వస్తే జావ తాగిస్తూ మళ్ళీ అదే మాట ఎత్తాను. అమ్మ ఈసారి కోప్పడలేదు. నాన్న వైపు దుప్పటి సర్దుతూ మెల్లగా చెప్పింది.

“దింపుతుంటే ఆయన నా కొంగు పట్టుకున్నారే. గట్టిగా పట్టుకున్నారు. నేనే వేళ్ళు విడదీశాను. ఆయన దిగనన్న మంచాన్ని ఎవరికిమ్మంటావు?”

ఆ రోజు దింపుతుంటే నాన్న భుజాలు ఒక్కసారి బిగిశాయి. నా చేతులే వణికాయనుకున్నాను.