నలభై ఒకటో నంబరు ఫోటో

మధ్యాహ్నం మూడు గంటలకు, పొద్దున చేసిన చిన్న మార్పు సరిగా పడిందో లేదో చూద్దామని, నా కూతురు చదివే బడి సైటులో తన పేజీ తెరిచాను. ‘పిల్లను తీసుకువెళ్లేవారు’ అన్నచోట నా ఫోటో ఉండాలి. అక్కడ ఒక మగమనిషి ఉన్నాడు. మెడలో తువ్వాల, పెద్ద మీసం, ఎండకు చిట్లించిన కళ్లు. కింద నా కూతురి పేరూ తరగతీ సరిగానే ఉన్నాయి. బడి వదిలేది మూడూ నలభైకి.

ఆ మనిషి అక్కడికి ఎలా వచ్చాడో వెంటనే తెలిసింది. తెచ్చింది నేనే.

ఇంటి నుంచి నేను నిజామాబాద్‌లోని ఒక చిన్న ఆఫీసుకు పనిచేస్తాను. నాలుగు బళ్ల సైట్లు చూస్తాను. నాలుగూ ఒకే సర్వర్ మీద, ఒకే కోడ్‌తో నడుస్తాయి. ఏ బడి చిరునామాతో వస్తే ఆ బడి వివరాలు చూపిస్తుంది. ఒకచోట దిద్దితే నాలుగు చోట్లా దిద్దినట్టే. అందులో తప్పు లేదు. కానీ ఫోటోల ఫోల్డర్ ఏ బడిది ఆ బడికి ఉండాలి. ఎందుకంటే ఫోటోకు పిల్లల అడ్మిషన్ నంబరే పేరు, ప్రతి బడిలోనూ ఆ నంబర్లు ఒకటి నుంచే మొదలవుతాయి.

పోయిన వారం నాలుగోదిగా బోధన్ ఊరి బడి కొత్తగా చేరింది. మర్నాడే వాళ్లకు చూపించాలని మా ఆఫీసు సార్‌కు తొందర. మా పిల్లల బడి ఫోల్డర్‌కే దాన్నీ కలిపెయ్యమన్నాడు. ఆయనది చెరుకు పండించే ఇల్లు.

“గానుగ ఒక్కటుంటె ఊరంత ఆడిచ్చుకుంటది. నీకేం కష్టం?”

“గానుగ ఒక్కటే గని సార్, బెల్లం ఎవలది వాళ్లకే గద.”

“మస్తు మాట్లాడుతున్నవ్. చెప్పింది చెయ్యి.”

చేశాను. ఈ రోజు బోధన్‌లో ఎవరో కూర్చుని వరసగా ఫోటోలు ఎక్కించారు. వాళ్ల నలభై ఒకటో పిల్లాడి తాలూకు మనిషి వచ్చి మా నలభై ఒకటో పిల్ల పేజీలో కూర్చున్నాడు. అంతకు ముందు నంబర్లన్నీ అంతే.

సార్‌కు ఫోన్ చేశాను. “సైట్ బంద్ వెట్టకు. బోధనోళ్లు ఇంక ఎక్కిస్తున్నరు. పొద్దుగూకినంక సూద్దాం,” అన్నాడు. ఆ మాట కూడా విన్నాను. ఒక్క లైను మారిస్తే ఆ పేజీ ఆగిపోయేది. మార్చకుండా స్కూటీ తీశాను.

గేటు దగ్గర ఆయమ్మ కొత్తది. చేతిలో బడివాళ్ల ట్యాబ్. ముందు, అదే బళ్లో చదివే నా కొడుకును చూపించింది. వాడి నంబరు దాకా బోధన్ ఫోటోలు ఇంకా రాలేదు.

“బాబును తీస్కపోండి. పాపను ఇయ్య. ఫోటోల మీరు లేరు.”

“ఇద్దరు నా పిల్లలే.”

“అందరు గట్లనే అంటరు మేడం. గీ తువ్వాల సారు వస్తడు గద, గాయనకు పంపుత.”

లోపల నుంచి నా కూతురు మమ్మీ అని పిలిచింది. “చాక్లెట్ ఇస్తె ఎవలనైన మమ్మీ అంటరు,” అంది ఆయమ్మ. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆమెను కొట్టాలనిపించింది. కానీ ఆ రోజు తన పని సరిగా చేసింది ఆమె ఒక్కతే. ఆ మీసం మనిషే వచ్చి ఉంటే నమస్తే పెట్టి నా బిడ్డ చెయ్యి ఆయన చేతిలో పెట్టేది.

ప్రిన్సిపాల్ మేడం బయటికి వచ్చి ఆ ట్యాబ్ చూసింది. “ఈ సైట్ మీరు చేసిందే గదమ్మా?” అంది. తరగతి టీచర్లను గేటుకు పిలిపించి, వాళ్లు గుర్తుపట్టినవాళ్లకే పిల్లలను ఇప్పించింది. చివరి పిల్ల వెళ్లేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.

ఇంటికి రాగానే ఆ పేజీ ఆపేశాను. కోడ్ ఒకటే కాబట్టి నాలుగు బళ్లలోనూ ఆగింది. పది నిమిషాలకు సార్ ఫోన్.

“ఎవలనడిగి బంద్ వెట్టినవ్?”

“ఎవల్ని అడగలే.”

“ఎవలన్న పిల్లను ఎత్కపోయిండ్రా? లేదు గద. పిల్లలు అయినకాడికెల్లి నీకు అన్నిట్ల దయ్యాలే కనవడ్తున్నయ్.”

“గా మీసాలాయన ఎవలో ఎర్కనా మీకు?”

“కోటగిరి రైతట. మంచోడేనట, అడిగిన.”

“మరి మీ బిడ్డను పంపుతరా ఆయనెంబడి?”

ఫోన్ పెట్టేశాడు. రేపు లాప్‌టాప్ తెచ్చి ఇచ్చెయ్యమని మెసేజ్ వచ్చింది. ఇస్తాను. దానికి ముందు బోధన్ ఫోల్డర్ వేరు చేశాను. పోయిన వారం దాచిన నకలులోంచి పాత ఫోటోలు మళ్లీ పెట్టి, ఒక్కొక్క పేజీ తెరిచి చూశాను. నా మొహం నా కూతురి పేరు పైన మళ్లీ కనిపించింది. నమ్మకం మాత్రం కలగలేదు.

తెల్లారి పాపకు జడలు వేస్తూ ఇద్దరికీ చెప్పాను. “ట్యాబ్‌ల ఎవల ఫోటో ఉన్నా సరే, నేనో డాడీనో వస్తెనే గేటు దాటాలె. ఆయమ్మ పొమ్మన్నా పోవద్దు.”

“ఫోటోల నువ్వు లేకుంటె మల్ల నిన్ను రానియ్యదు గద?” అంది నా కూతురు.

“రానియ్యకపోతె మంచిదే బిడ్డా. నువ్వు తమ్మున్ని పట్టుకొని లోపల్నే కూసో. నేను బయట నిలవడ్త.”