సూట్‌కేసులో గసగసాలు

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సును. నాతో పనిచేసే అమ్మాయి, నేను కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆమెను సునీత అంటాను, అసలు పేరు అది కాదు. చర్ల దాటాక అడవిలో వాళ్ల గూడెం. పోడు చేసుకునే ఇల్లు. మాది బోనకల్ దగ్గర, భూమి ఉన్న కుటుంబం. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే అది నా మనసులో ఎప్పుడూ ఉండేది. సునీతను నేను సొంత చెల్లెలిలా చూస్తానని అందరూ అనేవారు. నా వెనక నడిచినంత కాలం అలాగే చూశాను.

గల్ఫ్‌లో నర్సు ఉద్యోగాలకు ఇంటర్వ్యూలంటే ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం. అంతకు ముందు ఇంగ్లిషులో జవాబులు ఆమెకు నేనే నేర్పాను. రోగికి ఊపిరి ఆడకపోతే ముందు ఏం చేస్తావు, డాక్టరు లేకపోతే ఎవరిని పిలుస్తావు అని వంట చేసుకుంటూ అడిగేదాన్ని. తీరా అక్కడ కూర్చున్నాక నాకే నోరు పెగల్లేదు. ఆమె మాత్రం గడగడా చెప్పి వచ్చింది. నేను నేర్పినవే. ఆమెకు ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు.

దవాఖానాలో అందరికీ మిఠాయి పంచింది. మొదటిది నా నోట్లోనే పెట్టింది. నవ్వుతూ తిన్నాను. నాకు రానందుకు ఏడుపు రాలేదు, ఆమెకు వచ్చినందుకు వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం ఇదే. నాకంటే తక్కువ అనుకున్న మనిషి నాకంటే పైకి పోతుంటే ఓర్వలేకపోయాను.

ఏమేం పట్టుకుపోవాలో నన్నే అడిగింది. మా మేనబావ అక్కడ డ్రైవరు. ఆయన చెప్పిన కబుర్లు నేను తిప్పి చెబుతూ ఉండేదాన్ని కనుక, గల్ఫ్ సంగతులు నాకే తెలుసని దవాఖానాలో పేరు. సూట్‌కేసు నేల మీద తెరిచి పెట్టుకుని కూర్చున్నాం. ఏసీ వార్డుల్లో చలి ఉంటుందని స్వెటర్ పెట్టించాను. పట్టుచీర ఎందుకని తీయించాను. సర్టిఫికెట్లు చేతిసంచిలోనే ఉండాలన్నాను. అన్నీ మంచి మాటలే.

వాళ్లమ్మ ఆ పొద్దున బస్సు దిగి వచ్చింది. చింతపండు, కారం, గోదావరి ఎండుచేపలు, మాంసం కూరలోకి మసాలా దినుసులు తెచ్చింది. నూరి ఇస్తే నెల తిరక్కుండా వాసన పోతుంది, బిడ్డ అక్కడ అప్పటికప్పుడు నూరుకుంటుంది అని దేనికది విడిగా గుడ్డలో మూట కట్టింది. ఎండుచేపలు వాసన కొడతాయని నేను తీయించాను. వాళ్లమ్మ వాటిని తీసి పక్కన పెట్టింది. తర్వాత సునీత గసగసాల మూట చేతిలోకి తీసుకుంది.

“అక్కా, గివి పోనిస్తరా ఆడ?”

నాకు తెలుసు. బావ వెళ్లేటప్పుడు మా అత్త గసగసాలు సర్దితే, ఆయన తీసి అవతల పడేసి, ఆ దేశంలో వీటిని మత్తుమందు కింద లెక్కగడతారని, దొరికితే జైలేనని నా ముందే కోప్పడ్డాడు.

“అవ్, పోనిస్తరు. అవి లేకుంటే కూర ఎట్ల చిక్కబడ్తది? పెట్టుకో,” అన్నాను.

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నువ్వున్నవ్ గనక నాకు రంది లేదు బిడ్డా.”

ఆ క్షణంలో ఏం కోరుకున్నాను? పట్టుకుంటారు, తిట్టి పారేస్తారు, నలుగురిలో కాస్త తలవంపులవుతుంది, అంతే అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అంతేనా? జైలు అన్న మాట బావ నోటి నుంచి విన్నదాన్నే కదా? పోనీ, అప్పుడు నోరు జారిందే అనుకుందాం. విమానం ఎక్కేలోపు ఎన్నిసార్లు ఫోన్ చేసింది! బస్సు ఎక్కాననీ, శంషాబాద్ చేరాననీ. ఒక్కమాట చాలు, చెత్తబుట్టలో వేసేసేది. జాగ్రత్తగా వెళ్లు అన్నాను.

దిగిన చోటే పట్టుకున్నారు. ఏజెంటు ఫోన్ చేసి చెప్పగానే నాకు చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎంతోసేపు లేదు, కానీ ఉంది. తర్వాత భయం పట్టుకుంది. మూట పెట్టుకొమ్మన్నది నేనని చెప్పకుండానే బావ చేత అక్కడ తెలిసినవాళ్లతో మాట్లాడించాను, ఏజెంటు ఇంటి చుట్టూ తిరిగాను, వాళ్లమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుల మెట్లెక్కాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నమ్మించి గొంతు కోసినదాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.

వారాల తర్వాత వదిలిపెట్టి వెనక్కి పంపేశారు. ఉద్యోగం పోయింది, మళ్లీ ఆ దేశం గడప తొక్కకుండా రాసేశారు. సునీత ఇప్పుడు ఖమ్మంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో చేస్తోంది. అక్కడి రోజుల గురించి మాట్లాడదు. నన్ను ఒక్కసారి కూడా అనలేదు. పాపం అక్కకు తెల్వక చెప్పింది, అంటుందట.

తల్లే మారిపోయింది. మొన్న మా ఇంట్లో శుభకార్యానికి పిలిస్తే వచ్చి, వంటవాళ్లు మసాలా వేయిస్తుంటే లేచి వాకిట్లోకి వెళ్లి కూర్చుంది. మంచినీళ్లిస్తే పుచ్చుకుని తన అరచేతులు చూసుకుంటూ అంది: “గీ చేతులతోనే మూట గట్టిన బిడ్డా. నా బిడ్డను నేనే జైల్ల ఏసిన.”

నేను పక్కనే ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. పెట్టుకొమ్మన్నది నేను, తెలిసే చెప్పాను అని ఒక్కమాట అంటే ఆ తల్లి ఆ రోజు అన్నం తినేది. నేను ఆమె వీపు నిమిరాను, ఎవరి రాత ఎట్ల ఉంటదో అమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. తినకుండానే బస్సెక్కింది.

తెలిసే చెప్పాను. ఇదిగో, రాసేశాను. వినవలసింది ఆమె, విన్నది మీరు. అయినా గుండె కాస్త తేలికపడింది, దానికీ సిగ్గుగానే ఉంది.