కుల్పాక్‌జీకి ఎన్ని అడుగులు

2021 ఆగస్టు. దుబాయ్‌లో హోమ్ కేర్ నర్సుగా నాకది ఏడో ఏడు. హోమ్ కేర్ అంటే ఆసుపత్రి ఇంటికి పంపేసిన రోగిని ఆ ఇంట్లోనే చూసుకునే పని. నేనుండేది నైఫ్‌లో, ఒక గదిలో నలుగురం. డ్యూటీ బర్ దుబాయ్‌లో, ఒక గుజరాతీ జైనుల ఫ్లాట్‌లో. పొద్దున్నే క్రీక్ అనే సముద్రపు పాయ దాటే అబ్రా పడవ ఎక్కి ఏడింటికల్లా వాళ్ల తలుపు కొట్టేదాన్ని.

పేషెంట్ పేరు కాంతాబెన్, వయసు డెబ్బై ఆరు. ఇంట్లో అందరూ ‘బా’ అనేవారు, వాళ్ల భాషలో అమ్మ అని. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. కానీ నా ముందు పనిచేసిన నర్సు రాసిపెట్టిన హ్యాండోవర్ నోట్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు అప్పగించే కాగితంలో, ఒక వాక్యం ఉంది: ‘తిండి విషయంలో మాట వినదు, నడవడానికి ఒప్పుకోదు.’ ఈ వయసులో తుంటి విరిగిన మనిషి తినక, నడవక మంచం పట్టిందంటే మళ్లీ లేపడం మా తరం కాదు. పుళ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది.

పొద్దుగూకాక జైనులు ముద్ద ముట్టరని, ఉల్లి, ఆలుగడ్డ తినరని, నీళ్లు కాచి తాగుతారని నాకు తెలుసు. కానీ ఈమె పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టదు. ఇక ఎముకకి బలం ఎక్కడి నుంచి తేవాలి నేను?

ఆమె కొడుకు నరేశ్ భాయిని అడిగితే తల పట్టుకున్నాడు. “పోయిన ఏడు మార్చిలో కుల్పాక్‌జీ యాత్రకి టికెట్లు తీశాను సిస్టర్. కరోనాకి విమానాలు ఆగిపోయాయి. దర్శనం అయ్యేదాకా పాలు ముట్టనని నియమం పట్టింది. ఇప్పుడు కాలు విరిగింది. యాత్రా లేదు, పాలూ లేవు.”

కుల్పాక్‌జీ గుజరాత్‌లో ఎక్కడో ఉండుంటుందిలే అనుకున్నాను.

రెండో రోజే నా తెలివి చూపించాను. ఫార్మసీలో ఇచ్చిన ప్రోటీన్ పౌడర్ రెండు చెంచాలు పెసరకట్టులో కలిపి పట్టుకెళ్లాను. బా గిన్నెలోకి చూసి అడిగింది. “ఇందులో పాలు లేవు కదా బేటీ?”

“లేవు బా, మందు పొడి.”

పొడి అయితే చాలు, అది మందే అనుకునే జబ్బు మా నర్సుల్లో చాలామందికుంది. మూడు రోజులు తాగించాను. నాలుగో రోజు ఆ ఇంట్లో వంట చేసే రాజోలు మంగ డబ్బా తుడుస్తూ నన్ను పిలిచింది. “ఏవండీ నర్సమ్మగారూ, దీని మీద ఆవు బొమ్మ ఉందేంటండీ?”

లాక్కుని చదివాను. వే ప్రోటీన్. పాలు విరిగినప్పుడు మిగిలే నీటిలోంచి తీసేది. లేబుల్ చదవడం నర్సుకి ఓనమాలు. సిగ్గుతో చచ్చిపోయాను.

“చెప్పకు సిస్టర్. ఆమెకి తెలియదు కదా, ఖలాస్,” అన్నాడు నరేశ్ భాయి. ఆయన కోరుకునేది తల్లి బాగునే. కానీ నా చేతి ముద్ద నమ్మి తింటున్న మనిషికి ఎదురుగా కూర్చుని అది దాచడం నాకు చాతకాలేదు. వెళ్లి చెప్పేశాను.

బా జపమాల పక్కన పెట్టింది. “తెలిసి చెప్పావా, తెలియక చెప్పావా?”

“తెలియక, బా.”

“అయితే నీది చిన్న తప్పు. నా నియమం మాత్రం తెగింది. రేపు ఉపవాసం.”

వాళ్ల ఉపవాసమంటే పళ్లూ ఫలహారాలూ కాదు, కాచిన నీళ్లు తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చేసింది. “అయ్యో దేవుడా, ఎంత పని జేస్తి!” అని, అప్పటిదాకా మాట్లాడిన హిందీ వదిలి మా భాషలోనే అనేశాను.

ఆ మాట విని బా తలెత్తింది. “ఏ ఊరు నీది?”

“హైదరాబాద్ దగ్గర.” ఇక్కడ మేమందరం చెప్పే జవాబే.

“దగ్గరంటే?”

“ఆలేరు.”

ఆపరేషన్ అయ్యాక బా ఎవరి సాయం లేకుండా లేచి కూర్చోవడం అదే మొదటిసారి. “ఆలేరు! కుల్పాక్‌జీకి దిగే స్టేషన్!” అంటూ దిండు కింద నుంచి ఫొటో తీసి నా చేతిలో పెట్టింది. చూస్తే అది మా కొలనుపాక! మా ఇంటికి ఆటోలో పావుగంట దూరం. శివరాత్రికి అక్కడి సోమేశ్వరుడి గుడికి ఎన్నోసార్లు పోయాను. ఆ జైన మందిరం మాత్రం మాకు కార్లలో వచ్చే సేట్ల గుడి. దాని ముందు నుంచే శివుడి గుడికి పోయిన నేను ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. ఈమె ఎడారి దేశంలో కూర్చుని దాని కోసం పాలు మానేసింది.

బా కళ్లు తుడుచుకుని ఒక బేరం పెట్టింది. ఉపవాసానికి బదులు ఏకాసణ, అంటే ఆ రోజుకి ఒక్కపూట భోజనం. అందుకు ప్రతిగా నేను ఆమెని కుల్పాక్‌జీకి తీసుకెళ్లాలి. కదల్లేని వాళ్ల కోసం జైనుల్లో ‘భావయాత్ర’ అని ఒక ఆచారం ఉందట. తెలిసినవారు దారి చెబుతుంటే వినేవారు మనసులోనే అడుగులు వేస్తూ దర్శనం చేసుకుంటారు.

“నువ్వు చెప్పు, నేను మనసులో నడుస్తాను.”

“మనసుతో పాటు కాళ్లతో కూడా నడుద్దాం బా,” అన్నాను.

మాట ఇచ్చేశాను గానీ నాకు తెలిస్తేగా చెప్పడానికి! సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. “ఏందే, జైన గుళ్లె అడుగులు లెక్కవెట్టాల్నా? నీకేమన్న పిచ్చి లేసిందా?” అంది.

“పోవే అమ్మా, ముసలామె పానం మీదికొచ్చింది.”

మర్నాడు అమ్మే ఫోన్ చేసింది. “ఒకసారి లెక్క తప్పిన బిడ్డా. మహావీరుని ముందట నిలవడ్డ, ఇగ అంకెలు ఏడికి వొయినయో! రాయి పచ్చ అందామంటే నీలం లెక్క గొడ్తది. ఎంత సల్లగ సూస్తుండో! మల్ల గేటు కాడికి వొయ్యి మొదలువెట్టిన. నూట యాభై నాలుగు. గింత దగ్గరుండి ఎన్నడు పోలేదు సూడు మనం.”

దారి నేను చెబితే, చరిత్ర బా చెప్పేది. అక్కడి మూలస్వామి మొదటి తీర్థంకరుడు ఆదినాథుడు, మాణిక్యస్వామి అని పేరు. ఆయన కొడుకు భరత చక్రవర్తి చేయించిన విగ్రహమట అది. లంకలో మండోదరి పూజించిందట, తర్వాత సముద్రంలో చేరిందట. కల్యాణ నగరంలో మహమ్మారి తగిలి జనం రాలిపోతుంటే రాజు ఆ స్వామిని వేడుకుని బండి మీద తీసుకొస్తున్నాడు. షరతు ఒకటే, అనుమానపడి వెనక్కి చూడకూడదు. దారిలో, నిజంగా వస్తున్నాడా అని రాజు తిరిగి చూశాడు. స్వామి అక్కడే నిలిచిపోయాడు. అదే కొలనుపాక.

“ఇదంతా నిజమా బా?” అని అడిగాను.

“కథ కథే. రాష్ట్రకూటుల కాలం నాటికే అక్కడ జైనులున్నారని రాళ్ల మీద రాతలు చెబుతాయి. నాకు రెండూ కావాలి,” అంది. నాకూ కావాలనిపించింది. అబ్రాలో వస్తూ రేపు ఏం అడగాలా అని ఆలోచించేదాన్ని.

అసలు కష్టం నడకలో వచ్చింది. వాకర్ పట్టుకుని బా ముందు, పక్కన నేను, వెనక చక్రాల కుర్చీ తోస్తూ మంగ. దీన్ని మేం చైర్ ఫాలో అంటాం, తూలితే కూర్చోబెట్టడానికి. కానీ కుర్చీ ఉందో లేదోనని బా రెండడుగులకోసారి తల తిప్పేది. తిప్పిన ప్రతిసారీ తూలేది.

“ఉన్నానండీ బాబూ, మిమ్మల్నొదిలి ఎక్కడికి పోతానండీ!” అని మంగ మొత్తుకునేది.

ఒకరోజు నాకు విసుగొచ్చింది. “రాజు ఏం చేశాడు బా?”

“వెనక్కి చూశాడు.”

“ఏమైంది?”

బా ఆగి, పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి తల తిప్పితే ఒట్టు. పదడుగులు, ముప్పై, డెబ్బై. ఎనిమిదో వారం హాల్లో అటూ ఇటూ తిరిగి నూట యాభై నాలుగో అడుగు పూజగది గుమ్మం దగ్గర వేసింది. దణ్ణం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ, మంగా కూడా ఏడ్చాం.

నరేశ్ భాయి గ్లాసుతో పాలు తెచ్చాడు. బా పక్కకి జరిపేసింది. “పుణ్యం వచ్చింది. కానీ ఈ కళ్లతో చూస్తానని కదా మాటిచ్చాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి కుదేశాను. చల్లబడ్డాక సిగ్గేసింది. ఆ పాల మీదే నా దృష్టంతా పెట్టాను గానీ, నువ్వులు, రాగులు, సోయా ఉన్నాయి, వాటి సంగతి డైటీషియన్‌ని అడగాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. ఆ పూటే అడిగాను. నియమాన్ని పక్కన పెట్టమనకుండా నియమంలోనే బలం వెతికితే రెండు నెలల్లో మనిషి తేరుకుంది. ఇప్పుడు ఏ నోట్‌లో ‘తినదు’ అని కనిపించినా, ఎందుకు తినరని నిలదీయను. ఎవరి కోసం మానేశారని పక్కన కూర్చుని అడుగుతాను.

2022 ఫిబ్రవరిలో యాత్రకి డాక్టర్ సరేనన్నాడు. నాకు సెలవు దొరకలేదు. బా వాకర్‌తోనే విమానం ఎక్కింది. దర్శనమైన మధ్యాహ్నం అమ్మ ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. చూస్తే మా ఇంటి అరుగు మీద బా! చేతిలో మా బర్రె పాల గ్లాసు, పై పెదవికి తెల్లటి మీసం.

“మీ అమ్మ లెక్క తప్పు,” అంది. “నాకు మూడు వందల పన్నెండు పట్టాయి.”

తప్పు అమ్మది కాదు, నాది. వాకర్‌తో నడిచేవాళ్ల అడుగు సగమే ఉంటుంది. పేషెంట్ దారిని పేషెంట్ అడుగుతోనే కొలవాలని నాకు ఎవరో చెప్పాలా?

“వెనక్కి చూడలేదు కదా బా?” అన్నాను నవ్వుతూ.

బా గ్లాసు దించింది. “గుమ్మం దగ్గర ఒక్కసారి చూశాను బేటీ. కుర్చీ కోసం కాదు. పక్కన నువ్వు లేవు, వెనక వస్తున్నావేమోనని.”