పిల్లను ఎవరికిచ్చి ఉరుకుతవ్?

కార్ఖానా అనే పేటలో ఒక ప్రైవేటు బడి ఉంది. అందులో పదకొండేళ్లుగా ఆటలు నేర్పుతున్న కల్పలతను అందరూ పీఈటీ మేడం అంటారు. ఆమె ఈల ఊదితే పిల్లలే కాదు, గోడ వారన పడుకున్న కుక్కలు కూడా లేచి లైన్లో నిలబడతాయని వాచ్‌మన్ ఐజాక్ అనేవాడు. అలాంటి మనిషి కాన్పు సెలవులు, ఆపైన పెట్టుకున్న సెలవులు అన్నీ ముగించుకుని తిరిగి వస్తే, కరస్పాండెంట్ యుగంధర్ గారు ఆమెకు ఒక కుర్చీ చూపించారు. రిసెప్షన్‌లో, ఫ్యాను కింద.

"చంటిపిల్ల తల్లివమ్మా. ఎండలో ఆ పిల్లల వెంట ఏం పరిగెడతావు? వచ్చే వారం దాకా గ్రౌండ్ చూసుకో. ఆ పై సోమవారం నుంచి ఇక్కడ కూర్చుని ఫోన్లు చూద్దువుగాని. గ్రౌండ్‌కి కుర్రాణ్ణి ఎవర్నయినా పెడతాను" అన్నారాయన.

ఎంతో దయగా అన్నారు. అదే వచ్చిన చిక్కు. తిట్టినవాడితో గొడవ పెట్టుకోవచ్చు గానీ, పాపం అన్నవాడితో ఏం పెట్టుకుంటాం? కల్పలత మాత్రం పెట్టుకుంది.

"సార్, వచ్చే ఆదివారం టెన్ కే రన్ ఉంది, పది కిలోమీటర్లు. మన బడి టీ షర్టు ఏసుకొని ఉరుకుత. ఎనిమిదింటికి ట్రాఫిక్‌కు రోడ్డు తెరుస్తరు గద, ఆ లోపట పరేడ్ గ్రౌండ్‌కి వాపస్ వస్తే గ్రౌండ్ నాది. రాకపోతే ఈ కుర్చీల నేనే వచ్చి కూసుంట."

యుగంధర్ గారు నవ్వారు. ఏటా ఆ పరుగులో ఆయనా పాల్గొంటారు. ఫొటో నోటీసు బోర్డుకెక్కుతుంది. "సరేనమ్మా, మాటంటే మాటే. మరి పిల్లను ఎవరికిచ్చి పరిగెడతావు?"

పద్నాలుగు నెలలుగా ఆమె ఈ ప్రశ్న వింటూనే ఉంది. కూరగాయలకు వెళ్తే ఇదే ప్రశ్న, పెళ్లికి వెళ్తే ఇదే, పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నా ఇదే. భర్త హరికిషన్ రైల్వే షెడ్డులో మూడు షిఫ్టులూ చేస్తాడు, సెలవు రోజున క్రికెట్ ఆడతాడు. పిల్లను ఎవరికిచ్చి వచ్చావని అతణ్ణి అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకూ పుట్టలేదు.

"ఎవ్వరికీ ఇయ్య సార్. తోస్కుంట ఉరుకుత" అంది కల్పలత.

అన్నాక గానీ తానేమన్నదో ఆమెకే తెలియలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నిజానికి ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించనూ లేదు.

బండి ఇంట్లోనే ఉంది. కంటోన్మెంట్‌లో ఒక మిలిటరీ ఆఫీసరు కుటుంబం బదిలీ మీద వెళ్తూ అమ్మేసిన మూడు చక్రాల బండి అది. ముందు ఒక చక్రం, వెనక రెండు. పాప యామినికి అది ఉయ్యాల కన్నా ఇష్టం. తొయ్యడం కల్పలతకు కొత్తేమీ కాదు. ఆమె తండ్రి పర్వతాలు అల్వాల్ నుంచి కార్ఖానా దాకా బత్తాయిల బండి తోసి నలుగురు పిల్లల్ని పెంచాడు. నాలుగో తరగతి నుంచే ఆమె ఆ బండికి ఒక చెయ్యి వేసేది. "గుంపుల బండి దిక్కు జూడకు, ముంగటోళ్ల మడిమెలు జూడు. మడిమె ఎటు తిరిగితే మనిషి అటు జరుగుతడు" అని నేర్పాడు తండ్రి. ఆ వారమంతా తెల్లవారుజామునే కార్ఖానా సందుల్లో పాపను కూర్చోబెట్టుకుని ఉరికింది. పాలవాళ్లు మొదట నవ్వారు, మూడో రోజుకి దారి ఇవ్వడం అలవాటు చేసుకున్నారు.

అత్త శ్యామలమ్మకు పరుగు మీద కోపం లేదు. ఆమె భయమంతా కళ్ల మీద.

"ఉరుకు బిడ్డా, వద్దంటలేను. గంత మంది కండ్లు పొల్ల మీద పడితె ఏం గావాలె? బండికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గడుత."

"అత్తమ్మా, అది లారీ కాదు."

"లారీకే తగిలే దిష్టి పొల్లకు తగలదా?"

వద్దంటే వద్దంది కల్పలత. శ్యామలమ్మ మారు మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆరేళ్లు కాపురం చేసి కూడా అత్త నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టేనని నమ్మింది చూశారా, అక్కడ చేసింది కల్పలత తప్పు.

ఆదివారం పొద్దున్నే పరేడ్ గ్రౌండ్ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. బండిని చూడగానే వాలంటీర్ అడ్డం వచ్చాడు.

"మేడం, ఫన్ వాక్ అటు సైడు."

"నాది టెన్ కే. నంబర్ జూడు. బండి వద్దని రూల్స్‌ల ఎక్కడుందో చూపెట్టు, పోత."

అతను ఫోన్లో కిందికీ పైకీ వెతికాడు, దొరకలేదు. "అయితే అందరూ పోయినంక లాస్ట్‌ల పోండి మేడం" అన్నాడు. ఆరున్నరకు షురూ అయిన పరుగులో కల్పలత వంతు వచ్చేసరికి ఆరూ నలభై రెండయింది. పన్నెండు నిమిషాలు నిలబడే పోయాయి.

ఇక ముందున్నది పరుగో పెళ్లి ఊరేగింపో తెలియదు. ఒకే రంగు టీ షర్టులు వేసుకున్న ఆఫీసులవాళ్లు ఐదుగురేసి వరసగా నడుస్తున్నారు. ప్యారడైజ్ దగ్గర ఒక గుంపు రోడ్డు మధ్యన ఆగి సెల్ఫీలు తీసుకుంటోంది. కల్పలత మడమల వైపు చూసింది. గొంతు దానంతటదే తండ్రి గొంతయింది. "జరగాలె, జరగాలె, బండొస్తుంది, జెర సైడ్." జనం అటొకరూ ఇటొకరూ జరిగారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఒకావిడ పక్కనే నడుస్తూ, "పాపం పిల్ల. ఇంట్ల చూసెటోళ్లు ఎవ్వరు లేరా?" అంది.

"అందరున్నరమ్మా" అని ఆవిణ్ణి దాటేసింది.

బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. తోస్తే కదలదు. యామిని ముందుకు ఊగి, బెల్టు ఆపడంతో వెనక్కి వాలింది. కల్పలత వంగి చూసింది. ముందు చక్రం ఇరుసుకు నల్లదారం పది చుట్లు చుట్టుకుని ఉంది. దారంలో నలిగిపోయిన నిమ్మకాయ, చితికిపోయిన పచ్చిమిరపకాయలు. పాప సీటు కింద ఎవరికీ కనపడకుండా కట్టిన దిష్టి అది, ఊడి చక్రంలో పడింది.

ఆమె దగ్గర కత్తి లేదు, కత్తెర లేదు. గోళ్లతో లాగింది, రాలేదు. ఇరుసు పక్కన మోకాళ్ల మీద కూర్చుని దారాన్ని పళ్లతో కొరికింది. మిరపకాయ మంట పెదాల మీంచి నాలుకకీ, నాలుక నుంచి ముక్కుకీ ఎక్కింది. మూడో చుట్టు కొరికేసరికి కళ్ల వెంట నీళ్లు కారాయి, అయినా చివరి చుట్టు తెగేదాకా వదల్లేదు. ఆ మొహం చూసి యామిని గొల్లుమంది. ఎత్తుకుందామంటే చేతుల నిండా మిరపకాయ రసం. ముట్టుకుంటే పాప కళ్లు మండుతాయి. పిల్ల చేతులు చాపి ఏడుస్తుంటే అడుగు దూరంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ ఒక్క నిమిషం కల్పలతకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిన పంతం, పిల్లను ఏడిపించడానికా అనిపించింది.

సరిగ్గా అప్పుడే యుగంధర్ గారు ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో నీళ్ల సీసాతో నడిచి వస్తూ కనిపించారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కొత్త బూట్లు కరుస్తున్నాయని పక్కనున్న ఎవరికో చెప్తున్నారు. కల్పలతను చూసి ఆగారు.

"అయ్యయ్యో, ఇంక చాలమ్మా. పరిగెత్తలేనివాళ్ల కోసం వెనక వ్యాన్ వస్తోంది. నేను చెప్పి ఎక్కిస్తాను, పిల్లతో సహా."

కల్పలతకు ఏడుపు అక్కడికక్కడే ఆరిపోయింది. "సార్, ఆ నీళ్లు నా చేతుల మీద పొయ్యుండ్రి" అంది.

ఆయన పోశారు. ఆమె చేతులు తోముకుంది, మూతి కడుక్కుంది, టీ షర్టుకు తుడుచుకుని వాసన చూసుకుంది. ఆ తర్వాతే పాప చెంపల మీద చెయ్యి వేసింది. యామిని రెండు వెక్కిళ్లు పెట్టి ఊరుకుంది. చక్రం ఒకసారి చేత్తో తిప్పి చూసుకుని కల్పలత లేచింది.

"వ్యాన్‌ల మీరెక్కుండ్రి సార్" అని బండి తోసింది.

అప్పటికి ఏడుంపావు కావస్తోంది. ఆరు కిలోమీటర్లు మిగిలాయి. ఫ్లైఓవర్ దిగుడులో బండి మనిషిని లాక్కుపోతుంది, తొయ్యడం కన్నా పట్టి ఉంచడమే కష్టం. మోచేతులు బిగబట్టి దిగింది. మలుపు తిరిగి మళ్లీ ఎక్కింది. నోరు మండుతూనే ఉంది. ఆ మంట ఒక రకంగా మేలే చేసింది, కాళ్ల నొప్పి గుర్తు రాలేదు. వెనక్కి వచ్చేటప్పుడు జనం పలచబడ్డారు, ఎండ మొదలైంది, పాప నిద్రపోయింది. ఏడూ యాభై మూడుకు మూడు చక్రాలూ గీత దాటాయి.

శ్యామలమ్మ అక్కడే కాచుకుని ఉంది. ముందు మనవరాలి నుదురు చూసింది, తర్వాత వంగి సీటు కింద చూసింది.

"నిమ్మకాయేదే?"

"తిన్న" అంది కల్పలత.

కోడలి వాచిన పెదాలు చూసి శ్యామలమ్మకు సంగతి అర్థమైంది. కొంగు తడిపి మూతికి అద్దింది. "పోనీ తియ్. దిష్టి నీకు తగిలింది, పొల్లకు తగల్లే" అంది. క్షమాపణ అడగడం ఆమెకు అంతకన్నా చేతకాదు.

వ్యాన్ ఎనిమిదీ పదికి వచ్చింది. యుగంధర్ గారు దిగి, గడియారం చూసుకుని, బండిని చూసి చాలాసేపు తలాడించారు.

"మెచ్చుకోవాలమ్మా నిన్ను. కాకపోతే పేరెంట్స్ ఏమంటారో అదీ చూసుకోవాలి కదా. రేపు ఆఫీసుకొచ్చి కూర్చో, నిదానంగా మాట్లాడుకుందాం."

మాటంటే మాటే అన్న పెద్దమనిషి ఆయనే. కల్పలత ఆశ్చర్యపోలేదు.

"రేపు ఫస్ట్ పీరియడ్ ఏడో తరగతికి గ్రౌండ్ ఉంది సార్. మాట్లాడాలంటే అక్కడికే రాండ్రి."

సోమవారం ఆమె ఆఫీసు వైపు వెళ్లలేదు. గ్రౌండ్‌లో ఏడో తరగతిని నిలబెట్టి ఈల ఊదింది. కాసేపటికి కరస్పాండెంట్ గారు వరండా మెట్ల మీదికి వచ్చి, రమ్మని చెయ్యి ఊపారు. ఆమె చూసింది, ఆగలేదు. పిల్లలతో పాటు వేగంగా నడుస్తూ మొదటి చుట్టు ముగించి రెండోది మొదలుపెట్టింది. ఆయన కొంతసేపు చూశారు. అవసరం ఆయనది కాబట్టి, మెట్లు దిగి, దుమ్ములోకి వచ్చి, ఆమె పక్కన చేరి నడవడం మొదలుపెట్టారు.