ఎడమ చేతి పచ్చ గాజులు

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఇట్లా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమీ అనుకోకండి. దయ్యాలు, ఆత్మలు నేను ఎన్నడూ నమ్మలేదు.

అమీర్‌పేటలో మాకు గాజుల బండి ఉంది. తొడిగేటప్పుడు నేను మొహం చూడను, చెయ్యే చూస్తాను. ఎముక దగ్గర మెత్తగా నొక్కి ఎక్కిస్తే గాజు పగలదు.

మా చెల్లెలు సుజాతకు ఇరవై రెండేళ్లు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేది. ఎడమ చెయ్యి గుంజుతోంది, చల్లగా ఉంటోంది అనేది. క్లినిక్‌లో బీపీ మిషన్ ఆ చేతికి పెడితే ఏమీ చూపించలేదు. మిషన్ పాడైందనుకుని, కుడి చేతికి పెట్టించి వచ్చేశాము. అట్లా ఏడాది పోయింది.

తర్వాత పంజాగుట్టలో పెద్ద డాక్టరు ఆ మణికట్టు పట్టుకుని నాడి లేదన్నాడు. గుండె నుంచి పోయే పెద్ద రక్తనాళాలు వాచి మూసుకుపోయే జబ్బట. వయసు పిల్లలకు ఎక్కడో ఒకరికి వస్తుందట. ఏదో జపాన్ పేరు, నాకు నోరు తిరగదు. చిన్నప్పటి నుంచి ఆ చేతికి గాజులు తొడిగింది నేనే. నా వేళ్లకే తెలియలేదు.

సుజాత మాత్రం నవ్వేది. "నా ఎడమ చెయ్యి లీవు పెట్టిందక్కా" అనేది. ఆసుపత్రిలో పచ్చ గాజులు అడిగింది. సూదులు పెట్టాలి, వద్దని నర్సు అంది.

"ఆపరేషన్ కానియ్యవే, డజను నేనే ఏస్త" అన్నాను.

"మరిచిపోతవ్ మల్ల, నీకు గిరాకీ ఉంటే చెల్లె యాదికుండదు" అంది.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందే, మెదడుకు రక్తం అందక సుజాత చనిపోయింది. ఇంటికి తెచ్చాక గాజులు తొడగబోయాను. చెయ్యి బిగుసుకుపోయింది, ఎంత చేసినా గాజు దాటలేదు. నేను తొడగలేకపోయిన చెయ్యి అదొక్కటే.

ఆ డజను బండికి ఒక పక్కన వేరే దారంతో కట్టి ఉంచాను. ఎవరడిగినా అమ్మలేదు.

మొన్న శ్రావణ శుక్రవారం, పట్టపగలు, బండి చుట్టూ జనం. గుంపులోంచి ఒక ఎడమ చెయ్యి ముందుకొచ్చింది. పట్టుకుంటే చల్లగా ఉంది. ఎందుకో తెలియదు, నా చెయ్యి ఆ దారం దగ్గరికే పోయింది. పన్నెండూ ఒక్కటి కూడా పగలకుండా ఎక్కాయి. ఆఖరి గాజు ఎక్కిస్తుంటే తెలిసింది, నా వేళ్ల కింద నాడి కొట్టుకోవడం లేదు.

తలెత్తి చూస్తే అక్కడ వేరే ఆమె, కుడి చెయ్యి చాపి నిలబడింది.

"అవి ఎవలికిచ్చినవ్?" అని మా ఆయన అడిగాడు. ఆయన గిరాకీలో ఉండి చూడలేదట. దారం మాత్రం ఖాళీగా ఉంది.

అది మా సుజాతే అయితే నా మాట నిలబడింది. బతికున్న పిల్ల అయితే మాత్రం, ఈసారి నా వేళ్లకు తెలిసి కూడా ఆమెకు చెప్పలేకపోయాను. ఏది నిజమో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ప్రతి చెయ్యీ నాడి చూసే వదులుతున్నాను.

తప్పులు క్షమించండి. మీ ఎడమ చేతికి పచ్చ గాజులు నేనే తొడిగి ఉంటే, ఒక్కసారి బండి దగ్గరికి రండి తల్లీ.