ఆరు రోజుల మసి

ఉత్తర గ్రీన్‌లాండ్‌లో కుక్కల బళ్ళు ఇంకా తిరిగే ఆ ఊళ్ళో తుకుమెక్‌ది చిత్రమైన ఉద్యోగం. ఊరి వెనక గుట్ట మీద ఓ కంచె, కంచె లోపల ఎవరూ తొక్కని మంచు, మధ్యలో ఒక గొట్టానికి రెండు గాజు బుడ్డలు. పైది ఆకాశంకేసి చూస్తుంది, కిందది మంచుకేసి. పడ్డ ఎండలో మంచు ఎంత తిప్పి పంపిందో ఆ రెండూ కలిసి లెక్క చెబుతాయి. రోజూ పొద్దున్నే తన పాత అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెళ్ళి, పైగాజుకు పట్టిన మంచుపొరను నూలుగుడ్డతో తుడిచి రావడమే ఆవిడ పని. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజూ మానలేదు. చెల్లెలిని పాతిపెట్టిన రోజు కూడా వెళ్ళింది.

"ఏమే, ఇవాళ మంచు తెల్లగానే ఉందా?" అని మొగుడు కావిగాక్ ఆటపట్టించేవాడు.

"నీ మొహంకన్నా నయం," అనేది.

మొదట్లో ఆవిడకీ నవ్వులాటగానే ఉండేది. మంచు తెల్లన అని చెప్పడానికి యంత్రమెందుకు? పోనుపోనూ అర్థమైంది. తాజా మంచు వందలో ఎనభై నాలుగు పాళ్ళ ఎండను వెనక్కి పంపేస్తుంది. మాసిన మంచు ఆ ఎండను మింగి, తొందరగా కరిగిపోతుంది. తన చిన్నప్పుడు జూన్ దాకా మీద నడవనిచ్చిన సముద్రపు మంచు ఇప్పుడు మేలోనే పగుళ్ళిస్తోంది. అందుకే ఆ అంకెలంటే ఆవిడకు భక్తి కుదిరింది.

ఈ వసంతంలో మనవరాలు ఇవాలుకి చర్చిలో విశ్వాస ప్రమాణం చేసే ఈడొచ్చింది. ఆ రోజు తొడుక్కునే పొడుగు బూట్లు తెల్లటి తెలుపు ఉండాలి. సీలు తోలుకు వెంట్రుకలు తీసి, చట్రానికి బిగించి, ఏప్రిల్ చలిలో ఎండకు నిలబెడితే తప్ప ఆ తెలుపు రాదు. ఇంటి ముందు పెడితే, కట్టెయ్యని కుక్కపిల్లలు నమిలి పారేస్తాయి. ఊరు మొత్తం మీద కుక్క దూరని చోటు ఒక్కటే. రెండు చట్రాలూ కంచె లోపల, తన దారి పక్కనే నిలబెట్టి, తోలు తెల్లబడ్డాక తీసేసింది. మంచు తొక్కలేదు కదా అనుకుంది. ఆ చట్రాలూ వాటి నీడలూ కిందిగాజు కంట్లో పడతాయన్న ఆలోచనే రాలేదు.

ఆ అంకెల లెక్కలు చూసే మాలిక్ మే నెలలో రాజధాని నూక్ నుంచి వచ్చాడు. పెద్దావిడ కనక ఆమెను 'ఆనా' అని పిలిచేవాడు. కాఫీ కూడా ముట్టకుండా కాగితాలు పరిచాడు.

"ఆనా, ఇది చూడు! ఏప్రిల్‌లో ఆరు రోజులు అంకె డెబ్భై ఎనిమిదికి పడిపోయింది. కొత్త మంచు పడి మళ్ళీ లేచినట్టుంది. ఎక్కడినుంచో మసి ఎగిరొచ్చిందన్నమాట! ఇంత పెందరాళే ఎప్పుడూ రాలేదు. నా నివేదికంతా దీనిమీదే."

అవి తను తోళ్ళు ఎండబెట్టిన తేదీలేనని తుకుమెక్ గుర్తుపట్టింది. వంటింట్లోకి వెళ్ళి మొగుడికి చెప్పింది.

"ఊరుకోవే! తోలొచ్చి సాక్ష్యం చెబుతుందా?" అన్నాడు కావిగాక్ గొంతు తగ్గించి. "కుర్రాడు ఎంత సంబరపడుతున్నాడో చూశావా? చెప్పావంటే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. రాని మసిని మంచుకి పూసింది నేను. అది అలా వదిలేస్తే ఇన్నాళ్ళూ ఆ గాజు ఎందుకు తుడిచినట్టు?"

వెళ్ళి చెప్పేసింది. మాలిక్ ముఖం వాడిపోయింది. ఆ ఆరు అంకెలనూ మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు.

"మిగతా ఏళ్ళలో?" అన్నాడు చివరికి, మెల్లగా. "అప్పుడూ ఏమన్నా పెట్టావా ఆనా?"

ఉద్యోగం పోతుందన్న భయంకన్నా ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. లేదంటే నమ్మడానికి ఆధారమేముంది? అక్కడికి వెళ్ళింది తనొక్కతే.

"లేదు," అని ఊరుకుంది.

మాలిక్ ఆరు తేదీలకూ అడ్డంగా గీతలు కొట్టాడు. పెన్నుకు మూత పెట్టబోతుంటే తుకుమెక్ ఏడో తేదీ మీద వేలుంచింది. అక్కడ అంకె ఎనభై మూడు. ఎవరూ తప్పు పట్టలేనిది.

"ఇదీ కొట్టెయ్. ఆ పొద్దున కూడా గంటసేపు చట్రాలు అక్కడే ఉన్నాయి."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏడో గీత కొట్టి, పాత ఏళ్ళ కాగితాలు తిరగెయ్యకుండానే సంచిలో పెట్టేశాడు.

"రేపు పొద్దున మామూలుగానే వెళ్తావుగా, ఆనా?" అన్నాడు.