పూర్తి ధర బావ

పూర్తి ధర బావకి తగ్గింపు అనే మాట పడదు. ఎవరైనా కొట్టువాడు పొరపాటున "మీకోసం కొంచెం తగ్గిస్తానండీ" అన్నాడంటే, "నేనేం తప్పు చేశానని?" అంటూ మొహం చిన్నబుచ్చుకుంటాడు. కూరగాయల దగ్గరా అంతే, చెప్పుల దగ్గరా అంతే. ఈ జబ్బు బాగా ముదిరింది మాత్రం బొమ్మ రైలింజన్ల దగ్గర.

అసలు ఇంజన్ని అరచేతిలో పట్టేలా కుదించినట్టుంటాయవి. మోటారు, గేర్లు, ముందు దీపం, అన్నీ ఉంటాయి. కళ్లజోళ్ల కొట్టు నడిపే బావ, మేడ మీద గదిలో పెద్ద బల్ల వేయించి పట్టాలు పరిపించాడు. పరిచింది బామ్మర్ది. కాలిపోయిన ఫ్యాన్లకీ మిక్సీలకీ మోటార్లు చుట్టే మనిషి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైనదాన్ని విప్పి, అది ఎందుకు పాడైందో దాన్నే అడిగి తెలుసుకున్న రకం. ప్రతి ఆదివారం ఇద్దరూ ఆ గదిలో చేరేవారు.

బామ్మర్ది ఇంజన్లు కొనేది తగ్గింపు కొట్లో. పెట్టె నలిగినవీ, ఎవరో తిప్పి పంపినవీను. ఒకసారి బావ కొత్త ఇంజను ఇవ్వబోతే, "నావి నేను బాగుచేసుకోలేనా?" అని నెల్లాళ్లు గడప తొక్కలేదు.

బావ కొనేది సందు మలుపులో ఏళ్లనాటి బొమ్మల కొట్టు నడిపే పాతకొట్టాయన దగ్గర, చెప్పిన ధరకి. అది బావ ఇష్టం. కానీ బామ్మర్ది ఏ ఇంజను కొన్నా, వారం తిరక్కుండా బావ సరిగ్గా అదే ఇంజను పూర్తి ధరకి కొని తెచ్చేవాడు. తెచ్చి నడుపుతాడా అంటే అదీ లేదు. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

"నడపరేంటి బావగారూ?"

"చక్రాలు అరిగిపోవూ?"

"చక్రాలుండేది అరగడానికేగా?"

"నీవి అరుగుతున్నాయిగా, చాల్లే."

బామ్మర్దికి ఒళ్లు మండిపోయేది. ముఖ్యంగా ఆ ఆకుపచ్చ ఇంజన్ని చూస్తే. తన ఆకుపచ్చదానికి పొగగొట్టం పక్కన రంగు లేచిపోయింది. బావది నిగనిగలాడుతూ, అద్దం వెనక పెళ్లికొడుకులా కూచుని చోద్యం చూస్తుండేది. అన్నం ముందు కూచున్నా అదే కళ్లముందు కదిలేది.

"అక్కా, మీ ఆయన నన్ను ఏడిపించడానికే కొంటున్నాడు."

"నువ్వు ఏడవడం మానేసి చూడు, కొనడం మానేస్తారేమో," అంది అక్క, బట్టలు మడతపెడుతూ.

తగ్గింపు ఇంజన్లు ఎత్తు దారి ఎక్కేటప్పుడు టక్కుమని గేరు పన్ను విరగ్గొట్టుకునేవి, లేదా మోటారుకి కరెంటందించే కార్బన్లు అరగ్గొట్టుకునేవి. బామ్మర్ది పాతకొట్టాయన దగ్గరికి పరిగెత్తేవాడు. "రేపు రా బాబూ, పాత స్టాకులో వెతుకుతా," అనేవాడాయన. మర్నాడు పసుపుపచ్చ గుడ్డముక్కలో చుట్టిన గేరో కార్బన్లో చేతిలో పెట్టేవాడు. "మూలపడి ఉన్నదేలే, ఊరికే తీసుకుపో."

ఆదివారం బామ్మర్ది రొమ్ము విరుచుకుని వచ్చేవాడు. "ఇంజనేమో తగ్గింపులో, గేరేమో ఉచితం. కొనడం తెలియాలి బావగారూ."

"ఆ తెలివి నాకెక్కడిదిరా," అనేవాడు బావ.

ఒక ఆదివారం బామ్మర్ది ఆకుపచ్చ ఇంజనుకి అలాంటి గేరే వేసి తెచ్చేసరికి, బావ ఇంకా కొట్టు నుంచి రాలేదు. బీరువాకి తాళంచెవి వేలాడుతోంది. చెయ్యి ఆగలేదు. బావ తాలూకు ఆకుపచ్చ ఇంజన్ని తీసి పట్టాల మీద పెట్టి కరెంటిచ్చాడు. దీపం వెలిగింది. ఇంజను మాత్రం కదల్లేదు.

బామ్మర్దికి ప్రాణం లేచొచ్చింది. ఈ ముక్క నలుగురికీ చెప్పాలి. అయితే లోపం చూడకుండా నోరు చేసుకోవడం అతని పద్ధతి కాదు. తిరగేసి స్క్రూలు విప్పాడు. గేరు ఉండాల్సిన చోట ఖాళీ. విరిగి పోలేదు, ఇరుసు మీద గీత పడకుండా ఎవరో తీశారు. పక్క ఇంజను విప్పాడు. అందులోనూ గేరు లేదు. దాని పక్కదాంట్లో మోటారు కార్బన్లు లేవు. అవన్నీ తన ఇంజన్లలో తను బిగించుకున్నవే.

బీరువా కింది అరలో కళ్లజోళ్లు బిగించే సన్నటి స్క్రూడ్రైవరుంది. దాని పక్కన, కళ్లజోడు కొన్నవాళ్లకి తుడుచుకోమని ఇచ్చే గుడ్డల కట్ట. పసుపుపచ్చవి. అలాంటివి తన పనిసంచీలో బోలెడున్నాయి, గ్రీజు పట్టి.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బామ్మర్ది గబగబా అన్నీ బిగించాడు. ఆ కంగారులో కూడా ఒక్క స్క్రూ వదులుగా వదల్లేదు.

"బీరువా దగ్గర ఏం చేస్తున్నావురా?"

"బరువు చూస్తున్నా బావగారూ."

"పూర్తి ధర పెట్టి కొన్నవి. బరువుండవూ మరి?"

"ఉన్నాయి. నా వల్ల కావట్లేదు."

ఆకుపచ్చ పెళ్లికొడుకుని జాగ్రత్తగా అద్దం వెనక కూచోబెట్టి, తన ఇంజన్ని పట్టాల మీద పెట్టాడు. పెట్టెలన్నీ లాక్కుంటూ అది ఎత్తు దారి ఎక్కేసింది. బావ ఆ మాట కోసం చూశాడు. ఎంతకీ రాకపోయేసరికి తనే అందించాడు.

"కొనడం తెలియాలి, అంతేనా?"

"అంతే బావగారూ," అన్నాడు బామ్మర్ది, బీరువా వైపు కుళ్లుగా చూస్తూ. "నాకే ఇంకా రాలేదు."